ఉన్న సొమ్ములో పెద్ద ఇల్లు



2019లో మాకు మూడు పడక గదుల ఇల్లు అవసరమైంది. కొడుకూ కోడలూ పిల్లలతో కలిసి ఉండాలి. ఇల్లు మరీ పాతది కాకూడదు. చేతిలో ఉన్నది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము మాత్రమే.

హైదరాబాదులో 1,500 చదరపు అడుగుల ఫ్లాటు అంటే ఆశపడ్డాను. మా ఆవిడ టేపు తీసి గదులు కొలిచింది. లోపల 1,050 అడుగులే తేలాయి. మిగిలినది గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు వాటా! 2016 నాటి రెరా చట్టం ప్రకారం, రిజిస్టరైన కొత్త ప్రాజెక్టుల్లో కార్పెట్ ఏరియా చెప్పితీరాలి. చేతులు మారే ఫ్లాటుకు మాత్రం టేపే దిక్కు.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ ఉంది. చేరేదాకా అద్దె కూడా తప్పదు. అందుకే ఘట్‌కేసర్ వైపు ఆరేళ్ల నాటి ఫ్లాటు కొన్నాం. బయానాకు ముందే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ న్యాయవాదికి చూపించాం. మే నెలలో వెళ్లి బోరులో నీళ్లున్నాయా, ట్యాంకర్లు వస్తున్నాయా అని వాచ్‌మన్‌ను అడిగాం.

చివరగా ఒక్క మాట. ధరకు తోడు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, మరమ్మతుల ఖర్చులున్నాయి. మావాడు "మొత్తం పెట్టేద్దాం నాన్నా, ఇంకో గది వస్తుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మరుసటి ఏడు మా ఆవిడ ఆపరేషన్‌కు ఆ మిగిల్చిన సొమ్మే ఆదుకుంది. గది తగ్గితే సర్దుకోవచ్చు మిత్రులారా, చేతిలో పైకం లేకపోతే సర్దుకోలేం.

సెలవు.