పుట్టకముందే బిడ్డ తలపై వాపు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లము కాము, ఉర్దూ మీడియం పంతుళ్లము. అయినా ఇంగ్లీషు రిపోర్టు చదివి పెట్టమని నారాయణఖేడ్‌లో చాలామంది మా దగ్గరికే వస్తారు. అట్లా ఒక ఇంటివారు స్కానింగ్ కాగితం తెచ్చారు. ఆరో నెల బిడ్డ, తల చర్మం కింద నీరు చేరింది అని అందులో ఉంది. నజర్ తగిలిందని ఒకరు, గ్రహణం పట్టిందని ఒకరు అన్నారట. తావీజు కట్టారు. దువా చేయవద్దని ఎవరంటారు? కాని ఆ కాగితం ఇరవై రోజులు సందూకులోనే ఉండిపోయింది.

తలవాపు అన్నీ ఒకటి కావు. కాన్పు నొప్పులలో తల ఒత్తుకుపోయి చర్మం ఉబ్బుతుంది. అది రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఎముక పైపొర కింద రక్తం గూడుకట్టితే కరగడానికి వారాలు పడుతుంది. నెలలు నిండినాక, ఉమ్మనీరు పోయినాక చేసిన స్కానింగులో ఇలాంటి ఉబ్బు పుట్టకముందే కనబడవచ్చు.

ఐదారు నెలలకే కనిపిస్తే సంగతి వేరు. చర్మం 5 మిల్లీమీటర్లకు మించి మందంగా ఉంటే డాక్టరు బిడ్డ పొట్టలో, గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ కూడా నీరు ఉందా అని వెతుకుతారు. గుండె లోపం, పుట్టుక లోపం, తల్లికి సోకిన జబ్బు, బిడ్డకు రక్తం తగ్గడం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి.

అందులో ఒకటి మన చేతిలో ఉన్నది. తల్లిది నెగెటివ్ రక్తం, బిడ్డది పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో ఆ రక్తానికి విరోధం పుడుతుంది. మొదటి బిడ్డ సాధారణంగా తప్పించుకుంటాడు, దెబ్బ తరువాతి బిడ్డకు తగులుతుంది. 1968 నుండి దీనికి యాంటీ-డి అనే సూది ఉన్నది. 28వ వారంలో ఒకటి, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల లోపల ఒకటి. గర్భం పోయినా అడగాలి.

ఆ తల్లిది నెగెటివే. మొదటి కాన్పు కార్డు మీద రాసి కూడా ఉంది, ఎవరూ చూడలేదు. సూది పడలేదు. హైదరాబాదు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది, బిడ్డ దక్కలేదు.

18 నుండి 22 వారాల మధ్య టిఫా స్కానింగ్ చేయించండి. 2022 నవంబరులో సర్కారు దవాఖానాలకు 56 టిఫా మిషన్లు ఇచ్చారు. ఆడా మగా అని మాత్రం అడగకండి, 1994 చట్టం ప్రకారం అడగడమే నేరం.

ఆ తల్లికి ఇప్పుడు మళ్లీ నాలుగో నెల. ఇక ఆ సూది ఆమెకు పనిచేయదు. బిడ్డకు రక్తం తగ్గుతున్నదా అని స్కానింగులోనే చూస్తూ ఉండాలి, అవసరమైతే కడుపులో ఉండగానే రక్తం ఎక్కిస్తారు. ఈసారి రిపోర్టు వచ్చిన పూటనే మా దగ్గరికి తెచ్చారు. అసర్ నమాజు తరువాత మేము బడి దగ్గరే ఉంటాము.