తాళము వేసిన ఇండ్లు, నీడ లేని కుటుంబములు

(చాట్రాయిలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

నూజివీడు, చాట్రాయి ప్రాంతముల పేరు చెప్పగానే లోకులకు చిన్నరసము, బంగినపల్లి జ్ఞప్తికి వచ్చును. ముదిరిన మామిడిచెట్టు కాపు తగ్గినంత మాత్రమున రైతు దానిని నరికివేయడు. ఎండుకొమ్మలు కోసి, పాదు చేసి, ఎరువు వేసి మరల కాపునకు తెచ్చును. పాత ఇండ్ల విషయమునను ఆ న్యాయమునే పాటింపవలసినదని మనవి చేయుచున్నాను.

2011 జనాభా లెక్కలలో మన దేశమున నిలువ నీడ లేనివారు సుమారు 17 లక్షల 70 వేలమంది. ఆ లెక్కలలోనే ఖాళీగానున్న గృహములు సుమారు 2 కోట్ల 46 లక్షలు. వానిలో అన్నియు నివాసయోగ్యములు కాకపోవచ్చును. అయినను, ఉన్నవానిని వినియోగించు ఏర్పాటు కొరవడినదన్న మాట నిజము. జపానులో 2023 నాటి లెక్క ప్రకారము ఖాళీ ఇండ్లు 90 లక్షలు. అచ్చటి స్థానిక సంస్థలు అనేకము అట్టి ఇండ్ల జాబితాలు తయారుచేసి, కావలసినవారికి చూపుచున్నవి.

పల్లెలో నీడ లేనివారు వీధిలో పడుకొనరు గనుక మన కంటబడరు. తాటాకు ఇల్లు కాలిపోయినవారు బంధువుల పంచలో తలదాచుకొందురు. కూలి దంపతులు తోటలోని పాకలో కాలము గడుపుదురు. కోత ముగిసిన పిదప వారెచ్చటికి పోవలెను? ఆ పక్కవీధిలోనే యజమానులు పట్టణమునకు పోగా తాళము వేసిన పెంకుటిల్లు వానకు నానుచుండును.

ఖాళీ ఇల్లు తనంత తాను నిలువదు. పెంకు జారినచోట నీరు దిగును, వాసము చీకును, మట్టిగోడ నాని కూలును. కావున మొదట పైకప్పు, పిదప గోడ మొదట నీరు నిలువకుండ కాలువ, ఆ తరువాత విద్యుత్ తీగలు, మరుగుదొడ్డి చక్కజేయవలెను. గోడ ఒరిగియున్నచో ఇంజనీరు చూచి సమ్మతించువరకు ఎవరిని అందుంచరాదు.

ఇక యజమాని భయము: “ఇచ్చిన ఇల్లు మరల చేతికి వచ్చునా?” ఈ భయము అకారణము కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, యజమాని హక్కును ధిక్కరించి 12 ఏండ్లు అనుభవించినవాడు ఆ స్థలము తనదని వాదింపవచ్చును. కాని యజమాని అనుమతితో కాపురమున్నవాని అనుభవము ధిక్కారము కాదు. ఆ అనుమతి కాగితముపై ఉండుటయే ఇరువురకును రక్ష. అద్దె ఒప్పందము ఏడాదికి మించినచో 1908 నాటి చట్టము ప్రకారము రిజిస్టరు చేయింపవలెను.

ధన విషయమున ఒక ఉదాహరణము. మరమ్మతునకు 24,000 రూపాయలు అగుననుకొందము. నెలకు 1,000 రూపాయల అద్దెగా కట్టుకొన్నచో రెండేండ్లలో ఆ ఖర్చు తీరును. ఇల్లు యజమానికి నిలుచును; కుటుంబమునకు నీడ దొరకును. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకమున మైదాన ప్రాంతములకు నిర్ణయించిన 1,20,000 రూపాయలు కొత్త ఇంటి కొరకే గాని, పరుల ఇంటి మరమ్మతునకు కాదు. కావున ఈ ఏర్పాటు ఆ పథకమునకు బదులు కాదు. సొంత ఇల్లు సిద్ధమగువరకు ఆశ్రయము మాత్రమే.

మీరు చేయవలసిన పనులు నాలుగు. ఇంటిపన్ను పుస్తకమును ముందుంచుకొని ఖాళీ ఇండ్లను వార్డువారీగా గుర్తింపుడు. యజమానులకు జాబు వ్రాసి సమ్మతి పొందుడు. ఇల్లు అవసరమైన కుటుంబములను గ్రామసభలో అందరియెదుట నిర్ణయింపుడు. ఒప్పందమునకు సాక్షులుగా నిలువుడు. బలవంతము వలదు, పక్షపాతము అసలే వలదు. ఒక్క యజమాని నష్టపోయినను రెండవవాడు తాళము తీయడు.

తొలకరి వచ్చిన తరువాత కప్పు విప్పలేము. కావున రానున్న గ్రామసభలోనే ఆ జాబితా చదివింపుడు. ఈ వర్షకాలమునకు ఊరికొక్క ఇంటి తాళమైన తెరచుకొన్నచో, ఊరికొక్క కుటుంబము తడియకుండును. ఆ పుణ్యము మీ చేతులలోనే ఉన్నది.