మీటల మీద రెండు చేతులు

1981లో లండన్ కింగ్స్ రోడ్డులోని ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో ఇద్దరు కుర్రవాళ్లు కలిశారు. నీల్ టెనెంట్ ప్రచురణ సంస్థలో సంపాదకుడు, క్రిస్ లో వాస్తుశిల్ప విద్యార్థి. సింథసైజర్ల మీద ఆసక్తే వాళ్లను కలిపింది. పెట్ షాప్ బాయ్స్ అనే పాప్ సంగీత జంట పుట్టింది అలా.

మన మద్రాసులోనూ ఆ రోజుల్లోనే ఒక జంట తయారవుతోంది. ఇద్దరూ తెలుగు సినిమా సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర పనిచేసినవాళ్లే, సంగీత దర్శకుల కొడుకులే: తోటకూర సోమరాజు టి.వి. రాజు కొడుకు; సాలూరి కోటేశ్వరరావు సాలూరి రాజేశ్వరరావుగారి కొడుకు. రాజ్–కోటి పేరుతో వాళ్ల తొలి సినిమా 'ప్రళయ గర్జన' 1983లో వచ్చింది. యమహా డీఎక్స్7 కీబోర్డు బజారులోకి వచ్చిందీ ఆ ఏడే. వాద్యాలను తీగతో కలిపి ఒకే చేత్తో నడిపించే మిడి పద్ధతీ అప్పుడే మొదలైంది. పదిమంది వాయించాల్సింది ఒక్కరే వాయించే రోజులొచ్చాయి. వయొలిన్ కళాకారులకు అది తీపికబురు కాదనుకోండి!

రాజ్–కోటి పాటలకు కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్. 1992లో 'రోజా'తో ఎ.ఆర్. రెహమాన్‌గా లోకానికి తెలిశాడు. 'యముడికి మొగుడు' వంటి సినిమాల్లో మాస్ పాటకు సింథ్ ఊపు తెచ్చిన ఘనత మాత్రం ఈ జంటదే అంటాను. 1994లో 'హలో బ్రదర్' తర్వాత విడిపోయారు. రాజ్ 'సిసింద్రీ' చేశారు, కోటి 'పెదరాయుడు' చేశారు. రాజ్ 2023 మేలో కన్నుమూశారు.