గుండె తిరిగి కొట్టుకొన్న తరువాత



ఎండ తీవ్రత ఎట్టిదో గంజాం వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1998 వేసవిలో వడగాడ్పుల వలన ఒడిశాలో రెండువేల మందికి పైగా మరణించారు. వడదెబ్బ తగిలినవారిని వెంటనే చల్లబరచవలెనన్నది అందరూ ఎరిగిన మాటే. అయితే ఆగిన గుండె తిరిగి కొట్టుకొన్న రోగికి కూడా దేహపు వేడిని అదుపులో ఉంచవలెనని ఎరిగినవారు తక్కువ.

గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతినసాగుతుంది. గుండె మళ్ళీ కొట్టుకొన్నంత మాత్రాన ఆ హాని ఆగదు. గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి లోలోపల సాగుతూనే ఉంటుంది. అట్టి సమయంలో జ్వరం వస్తే మెదడుకు కావలసిన ప్రాణవాయువు మరింత పెరుగుతుంది. అసలే తీర్చలేని అప్పుకు వడ్డీ పెరిగినట్లవుతుంది.

2002లో ఐరోపా, ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించిన రెండు పరిశోధనలు, దేహాన్ని 33 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చల్లబరిస్తే మెదడు కోలుకొనే అవకాశం హెచ్చునని తెలిపాయి. ఆ పద్ధతి దేశదేశాల వ్యాపించింది. కాని 2013లో 33 డిగ్రీలను 36 డిగ్రీలతో పోల్చి చూడగా తేడా కనబడలేదు. 2021లో 1,800 మందికి పైగా రోగులపై జరిగిన పరిశోధనలో, 33 డిగ్రీలకు చల్లబరచినవారిలో ఆరు నెలలకు నూటికి 50 మంది, కేవలం జ్వరం రాకుండ కాపాడినవారిలో 48 మంది మరణించారు. తన మాటను తానే పరీక్షించుకొని సరిదిద్దుకొనుట శాస్త్రానికి గౌరవమే కాని అవమానం కాదు.

స్పృహ రాని రోగికి వేడి 37.5 డిగ్రీలు, అనగా 99.5 ఫారెన్‌హీట్ దాటకుండ కనీసం 36 గంటలు కాపాడుట నేటి వైద్యుల ముఖ్య లక్ష్యం. చంకలో పెట్టే థర్మామీటరు ఇందుకు చాలదు; అన్నవాహికలోనో మూత్రాశయంలోనో సన్నని గొట్టముంచి లోపలి వేడిని కొలుస్తారు. జ్వరానికి మందులిస్తారు, చల్లని పరుపులు వాడుతారు. వణుకు పుడితే వేడి పెరుగుతుంది గనుక దానినీ మందులతో అణచుతారు. కనుక రోగి ఒళ్ళు చల్లగా తగిలినదని బంధువులు ఆత్రపడి కంబళి కప్పరాదు. ముందు నర్సును అడగవలెను.

ఈ చికిత్స అంతా గుండె తిరిగి కొట్టుకొన్నవారికే. 1962లో బరంపురంలో నెలకొన్న మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి భంజనగర్ వంటి దూరపు ఊళ్ళ నుండి చేరేసరికి ఎంత కాలం గడుస్తుంది! ఆ లోపల రోగికి దిక్కు పక్కనున్న మనిషే. పిలిచినా పలుకక, సరిగా ఊపిరి తీయని వ్యక్తి కనబడితే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 మార్లు, అయిదు సెంటీమీటర్లకు తగ్గకుండ నొక్కవలెను. మంచుగడ్డల కోసం పరుగెత్తుతూ ఆ నిమిషాలను పోగొట్టరాదు.

అక్షరం నేర్పిన బడిలోనే ఈ విద్య కూడా ప్రతి విద్యార్థికీ అబ్బితే, ఎన్నో ఇండ్ల దీపాలు ఆరిపోకుండ నిలుస్తాయి. ప్లాటినం జూబిలీ వేళ పాఠశాల తలపెట్టదగిన శుభకార్యమిది.