పాలు మానిన పందిపిల్లలను క్రొత్తచోట నిలుపుకొను విధము

(ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దు గ్రామముల రైతులకొఱకైన ఉపన్యాసము)



భద్రాచలము, బూర్గంపహాడు, పాల్వంచ, ఇల్లందు ప్రాంతముల అడవిపల్లెలలో పందుల పెంపకము క్రొత్తది గాదు. కోయవారి యిండ్లలో నిది తరతరములుగా నున్నదే. అయినను, మంచి వెల యిచ్చి పిల్లలను గొనితెచ్చిన రైతు పదునైదు దినములు గడువకమునుపే వానిలో గొన్నిటిని పోగొట్టుకొని, యీ వృత్తి తనకు అచ్చిరాలేదని విడుచుట కలదు. లోపము వృత్తిలో లేదు. మొదటి మూడు వారముల పోషణలో నున్నది.

పాలు మానిన పిల్ల యొక్కసారిగా తల్లిని, పాలను, తోడిపిల్లలను, పుట్టిన దొడ్డిని గోల్పోవుచున్నది. ఇన్ని మార్పులొక్కనాడే మీదబడగా దాని కడుపు చెడును. రోగము నెదుర్కొను శక్తి తగ్గును. కావున మార్చక తప్పనిదానిని మెల్లగా మార్చుటయు, తక్కినదానిని మార్చకుండుటయు రైతు చేయవలసిన పని.

కొనునప్పుడు.— ఎనిమిది వారములు నిండి, చుఱుకుగా తిరుగుచు, తోక దగ్గఱ శుభ్రముగా నున్న పిల్లలను ఏఱుకొనవలెను. ఒక్క యీతలోని పిల్లలను రెండు మూడింటిని తెచ్చుట మేలు. ఒంటిపిల్ల బెంగతో మేత మానును. వేర్వేఱు ఈతల పిల్లలు కఱచుకొని గాయపడును. అమ్మువాడు పెట్టుచుండిన మేతనే పది దినములకు చాలునంత తీసికొనిరావలెను. పందికి మనవలె చెమట పోయదు గనుక ఎండవేళ గోతాములో గట్టి తెచ్చుట ప్రాణాపాయము. చల్లనివేళ, గాలి తగులు బుట్టలో తేవలెను.

దొడ్డి.— పిల్లలు రాకమునుపే దొడ్డిని కడిగి, సున్నము కొట్టి, ఆఱనీయవలెను. పిల్ల యొక్కింటికి పది చదరపుటడుగుల చోటుండవలెను. ఒక మూల పొడి వరిగడ్డిని మందముగా పఱవవలెను. ఎదుటిమూలను తడిపి కొంచెము పేడ నుంచినచో పిల్లలచ్చటనే విసర్జించుట నేర్చుకొనును. పిల్లలు ఒకదానిపై నొకటి పడి పండుకొన్నచో చలి యని గ్రహించి గడ్డి పెంచవలెను. ఎడముగా బడి రొప్పుచున్నచో నీడయు గాలియు గల్పింపవలెను.

మేత.— రాగానే మంచినీరు, పిదప మేత. మొదటి దినము సగము మేతనే నాలుగైదు మాఱులుగా పెట్టవలెను. ఆకలిచే నొక్కసారి మెక్కిన పిల్లకు విరేచనములు పట్టును. నాలుగవనాటినుండి పాతమేతలో క్రొత్తమేతను కొద్దికొద్దిగా కలిపి, పదవనాటికి పూర్తిగా మార్చవలెను. జొన్ననూక, తవుడు, వేరుసెనగపిండి, చేపపొడి కలిపిన మేత మంచిది. తవు డొక్కటియే చాలదు. నీరెన్నడును తఱుగరాదు. నీరు లేనపుడు మేతలోని యుప్పే పందికి విషమగును.

రోగములు.— క్రొత్తపిల్లలను మూడు నాలుగు వారములు పాతపందులకు దూరముగా నుంచవలెను. జీతగాడు పాతవానిని చూచిన పిదపనే క్రొత్తవానియొద్దకు పోయి, కాళ్లుచేతులు కడుగుకొనవలెను. పిల్లలు కుదుటపడిన పిదప పశువైద్యునిచే ఏలికపాములకు మందును, పందిజ్వరమునకు టీకాయు వేయింపవలెను. 2020లో మనదేశమున అస్సాము, అరుణాచల ప్రదేశములలో తొలుత గనబడిన ఆఫ్రికా పందిజ్వరమునకు చికిత్స లేదు. అది మనుష్యులకు సోకదు గాని మందలను తుడిచిపెట్టును. అడవిపందులును ఈ రోగములను మోయగలవు. కావున గట్టి కంచె వేసి, అడవిపంది మాంసపు తునుకలను దొడ్డికి రానీయరాదు. ఎంగిలి కూడును అరగంట మరిగించి పెట్టవలెను.

పిల్లలను ఊరిమీద విడువరాదు. మనుష్యమలము తిన్న పంది మాంసములో బద్దెపురుగు పిల్లలు చేరును. సరిగా నుడుకని యా మాంసము తిన్నవారి కడుపులో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు మనుష్యుల నోటబడినచో మూర్ఛరోగము వచ్చుటయు గలదు.

ఒక పూట మేత ముట్టని పిల్లను వేఱుచేసి, నాడే పశువైద్యునికి చూపవలెను. మఱునాటికి నిలిపినచో మిగిలినవానికిని ముప్పు. ఈ మూడు వారముల మెలకువయే తక్కిన నెలల లాభమునకు పునాది.