సబ్బు కేకుకు ఏ అచ్చు మంచిది?



సబ్బు బిళ్ళను ఇంగ్లీషులో కేకు అని కూడా అంటారు. ఆ మాట పాతదే. ఇప్పుడు కొందరు సబ్బును నిజంగానే పుట్టినరోజు కేకులాగా పోస్తున్నారు. గుండ్రంగా ఉంటుంది. రెండు మూడు రంగుల పొరలుంటాయి. దాన్ని ముక్కలుగా కోసి అమ్ముతారు. ఇంట్లో సబ్బు చెయ్యడం నేర్చుకున్న ఆడవాళ్ళకు అది చూడగానే చెయ్యాలనిపిస్తుంది. అప్పుడు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. దేంట్లో పొయ్యాలి?

వంటింట్లో చూస్తే గుండ్రటివి ఎన్నో ఉంటాయి. ఇడ్లీ రేకులుంటాయి. సిల్వర్ గిన్నెలుంటాయి. బజారుకు వెళితే కేకు చేసే పళ్ళాలు దొరుకుతాయి. ఆకారం కుదిరింది కదా అని వాటిలో పొయ్యబోతారు. అక్కడే ఆగాలి.

సబ్బు దేనితో అవుతుంది? నూనె, నీళ్ళు, కాస్టిక్ సోడా. ఈ మూడూ కలిపి చిలికితే మజ్జిగపులుసులా చిక్కబడుతుంది. అప్పుడు అచ్చులో పోస్తారు. కానీ ఆ వేళకు కాస్టిక్ అంతా నూనెతో కలిసిపోయి ఉండదు. ఒకటి రెండు రోజులు లోపల పని జరుగుతూనే ఉంటుంది. అంటే అచ్చులో పోసేది ఇంకా సబ్బు కాదు. చెయ్యి పెడితే కాల్చే ముద్ద.

ఇక ఆ సిల్వర్ గిన్నె సంగతి. పేరే సిల్వర్, వెండి కాదు. అది అల్యూమినియం. కొన్ని ఊళ్ళలో సత్తు అంటారు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. బుసబుసా పొంగుతుంది. వేడి పుడుతుంది. హైడ్రోజన్ అనే వాయువు వస్తుంది. పక్కన పొయ్యి వెలుగుతూ ఉంటే ఆ వాయువు అంటుకుంటుంది. గిన్నె నల్లబడుతుంది, గుంటలు పడుతుంది. సబ్బు పాడవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పొంగిన ముద్ద చేతుల మీద, కళ్ళలో పడవచ్చు.

ఇడ్లీ రేకుల్లో అల్యూమినియంవి ఎన్నో ఉంటాయి. కేకు పళ్ళాలూ అంతే. పైన నల్లటి పూత ఉంటే భయం లేదనుకోకూడదు. పూత గీసుకుపోతే అడుగున ఉన్నది అల్యూమినియమే కావచ్చు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలియదా అని అడుగుతారు. తెలియదు. అయస్కాంతం అల్యూమినియానికి అంటుకోదు. కొన్ని మంచి స్టీలు గిన్నెలకూ అంటుకోదు. అనుమానం ఉన్న గిన్నెను పక్కన పెట్టెయ్యడమే మేలు. రాగి, ఇత్తడి కూడా వద్దు. రాగి తగిలిన సబ్బుకు తొందరగా పాతనూనె వాసన వస్తుంది.

మరి ఏవి పనికొస్తాయి?

సిలికాన్ అచ్చులు బాగా పనికొస్తాయి. రబ్బరులా మెత్తగా వంగుతాయి. కాస్టిక్‌కు ఆగుతాయి, వేడికి ఆగుతాయి. సబ్బు గట్టిపడ్డాక అచ్చును బోర్లించి, అడుగున బొటనవేళ్ళతో నొక్కితే ఊడి వస్తుంది. ఒకసారి కొంటే ఎన్నోసార్లు వాడవచ్చు. కొత్తలో కొంచెం ఖరీదు అనిపిస్తుంది. సంఘంలో పదిమంది కలిసి ఒకటి కొనుక్కుంటే భారం ఉండదు.

కొనే స్తోమత లేకపోతే ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఇక్కడే నేర్చుకున్న చదువు అక్కరకొస్తుంది. డబ్బాను తిరగెయ్యండి. అడుగున చిన్న మూడు మూలల గుర్తు ఉంటుంది. దాని మధ్యలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె 5 అయితే ఆ ప్లాస్టిక్ వేడికీ కాస్టిక్‌కూ ఆగుతుంది. 2 అంకె ఉన్న మందపాటి డబ్బా కూడా ఫరవాలేదు. 1 అంకె ఉంటే వద్దు. నీళ్ళ సీసాలు ఆ రకమే. కాస్టిక్ దాన్ని పాడుచేస్తుంది.

స్టీలు గిన్నెకు కాస్టిక్ వల్ల చెరుపు లేదు. కానీ సబ్బు దానికి గట్టిగా అంటుకుంటుంది. లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి పొయ్యాలి. చెక్క పెట్టెకూ అదే పద్ధతి. గాజు గిన్నె, మట్టి మూకుడు వద్దు. గాజులోంచి ఊడదు, మట్టి పీల్చుకుంటుంది.

అచ్చు దేనితో చేసిందో చూశాక ఆకారం చూడాలి. నోరు వెడల్పుగా, అడుగు కొంచెం సన్నంగా ఉండాలి. కుండలాగా నోరు ఇరుకు, కడుపు వెడల్పు అయితే సబ్బు బయటికి ఎలా వస్తుంది? సన్నటి రేకులు, కొసలు ఉన్న పూల అచ్చులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. తీసేటప్పుడు ఆ కొసలే విరుగుతాయి. కొత్తగా చేసేవాళ్ళకు నున్నటి గుండ్రని అచ్చు చాలు.

పెద్ద కేకు పోసి కొయ్యాలా, చిన్న చిన్న గుంటల్లో విడిగా పొయ్యాలా? ఇది నూనెను బట్టి ఉంటుంది. ఒక్క కొబ్బరినూనెతోనే చేసిన సబ్బు చాలా తొందరగా రాయిలా గట్టిపడుతుంది. మర్నాటి దాకా ఆగి కోస్తే పెళుసుగా పెచ్చులు లేస్తాయి. అలాంటప్పుడు చిన్న గుంటల అచ్చే నయం.

అచ్చులో ఎంత పడుతుందో ముందే తెలియాలి. లేకపోతే కలిపిన ముద్ద మిగిలిపోయి, కంగారులో ఏ సిల్వర్ గిన్నెనో అందుకుంటారు. అచ్చు నిండా నీళ్ళు పోసి, ఆ నీళ్ళను కొలపాత్రతో కొలవండి. ఒకటిన్నర లీటరు నీళ్ళు పట్టే అచ్చులో దాదాపు ఒకటిన్నర కిలో ముద్ద పడుతుంది. కిలో నూనెకు కాస్టిక్, నీళ్ళు కలిస్తే దాదాపు అంత ముద్దే అవుతుంది. ఆ లెక్క కాగితం మీద రాసి పెట్టుకోవాలి. తరవాత అచ్చును పొడిగా తుడవాలి.

ఇంకొక సంగతి ఉంది. కేకులా ఉన్న సబ్బును చూసి పెద్దవాళ్ళు నవ్వుకుంటారు. మూడేళ్ళ పిల్లవాడు ఏం చేస్తాడు? నోట్లో పెట్టుకుంటాడు. ఆరిన సబ్బు తింటే నురగలు, వాంతులు. ఆరని సబ్బయితే నోరు, గొంతు కాలుతాయి. అప్పుడు బలవంతాన కక్కించకూడదు. నోరు కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. తిండిలా కనిపించి పిల్లలకు హాని చేసే వస్తువులు అమ్మకూడదని ఐరోపా దేశాల్లో 1987లోనే నియమం చేశారు. అంత దూరం వాళ్ళు ఊరికే ఆలోచించలేదు.

అందుకని కేకు అచ్చు కొనేటప్పుడు ఆకారం వరకే తీసుకోవడం మంచిది. పైన చెర్రీ పండు, చాక్‌లెట్టు ముక్కలు ఉన్న అచ్చులెందుకు? అచ్చం తినే కేకులా ఉంటేనే గొప్పా? ఆకుపచ్చ రంగు, వేపాకు వాసన ఉన్న గుండ్రటి సబ్బు కూడా అందంగానే ఉంటుంది. పొట్లం మీద పెద్ద అక్షరాలతో "ఇది సబ్బు. తినకూడదు" అని రాయాలి. ఊళ్ళో అమ్మదలచుకుంటే ఇంకో పని ఉంది. ఒంటి సబ్బు చేసి అమ్మడానికి లైసెన్సు కావాలి. 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్సులో ఆ సంగతి ఉంది. ఔషధ నియంత్రణ శాఖ ఆఫీసులో అడగాలి.

పోసేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. మీద పడితే ధారగా నీళ్ళతో కడగాలి. పిల్లలు దగ్గర లేకుండా చూసుకోవాలి.

పోశాక అచ్చును కదపకుండా ఎత్తు మీద పెట్టాలి. కాగితం ముక్క మీద తేదీ రాసి అంటించాలి. మామూలుగా ఒకటి రెండు రోజుల తరవాత తీస్తారు. అంచు అచ్చును వదిలితే తీయవచ్చు. మెత్తగా ఉంటే ఇంకో రోజు ఆగాలి, లాగకూడదు. తీశాక నాలుగు నుంచి ఆరు వారాలు నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది. కాబట్టి పొట్లం మీద రాసే బరువు ఆరిన తరవాత తూచినదే కావాలి.

ఒకసారి సబ్బు పోసిన అచ్చు మళ్ళీ వంటకు పనికిరాదు. కడిగి, ఆరబెట్టి, "సబ్బుకు మాత్రమే" అని దాని మీద రాసి, వంటింటి బయట అటక మీద పెట్టండి.