వైద్యవిద్య ప్రవేశం: ర్యాంకుతో పాటు కాగితాలూ సిద్ధం కావాలి

(అమలాపురంలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "డాక్టరు సీటు ఇంటర్వ్యూలో ఏమడుగుతారండీ?" మన రాష్ట్రంలో ఎం.బి.బి.ఎస్.కు ఇంటర్వ్యూ లేదు. నీట్ ర్యాంకే ప్రమాణం. యాజమాన్య కోటా సీటుకైనా నీట్ అర్హత తప్పదు. కనుక "ఇంటర్వ్యూలో మాట్లాడి సీటిప్పిస్తాం" అనే దళారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

అయితే ఇంటర్వ్యూను మించిన పరీక్ష మరొకటున్నది. అది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం జరిపే ధ్రువపత్రాల పరిశీలన. ర్యాంకు తెచ్చేది బిడ్డ. కాగితాలు సిద్ధం చేయవలసింది మనం.

ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మేము, ఒక ఏడాది రాజోలు ప్రాంతపు కుటుంబం వెంట కార్యాలయాలకు తిరిగాము. అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చింది. పదో తరగతి మార్కుల జాబితాలో 'షేక్' పేరుకు ముందున్నది, ఆధార్‌లో చివరనున్నది. తండ్రి పేరు ఒకచోట 'మహమ్మద్', మరొకచోట 'ఎం.డి.'. సరిచేసిన పత్రం గడువుకు రెండు రోజుల ముందు చేతికందింది. ఆ తల్లి పడిన ఆందోళన మేము మరువలేము. పాఠశాలవారు పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందే పేర్లు సరిచూసుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక రిజర్వేషన్. 2007 చట్టం ప్రకారం షేక్, ఖురేషీ, ఫకీరు, అత్తరు సాయిబులు మొదలైన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం ఉన్నది. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు దానిని నిలిపింది. దూదేకులవారు బి.సి.-బి. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు ఈ 4 శాతంలోకి రావు. ఆదాయ పరిమితికి లోబడినవారు ఇ.డబ్ల్యు.ఎస్. పత్రం తీసుకోవాలి. అఖిల భారత కోటా 15 శాతం సీట్లకు కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. అందులో మీ వర్గం ఉన్నదో లేదో ముందే చూసుకోండి.

స్థానికతను తేల్చేది చదువు ధ్రువపత్రాలే. ఆరో తరగతి నుండి ఇంటర్ వరకు ఒక్కటీ పోగొట్టుకోవద్దు.

చివరి మాట. ఆడపిల్లను దూరం పంపలేమని అమలాపురం కిమ్స్, కాకినాడ రంగరాయ మాత్రమే వ్రాసి ఐచ్ఛికాలు ముగించవద్దు. కష్టపడి సంపాదించిన ర్యాంకును మన భయం వృథా చేయరాదు. ఈ రాత్రే ఇంటికి వెళ్లి ఆ కాగితాల సంచి విప్పండి. తేడా కనబడితే రేపే మా వద్దకు రండి, తోడుగా వస్తాము.